రేపు మాపు

కువైట్‌లో, మహబూలాలో మేముండే ఫ్లాటు చిన్నది. ఒక గదిలో ఏం చేసినా రెండో గదికి తెలిసిపోతుంది. మొన్న శుక్రవారం మా అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని గోళ్లకు ఎర్ర రంగు వేసుకుంటోంది. నేను ఇవతలి గదిలో పేపరు చదువుకుంటున్నాను. ఆ వాసన ముక్కుకు తగలగానే, చదువుతున్న వాక్యం ఎక్కడ వదిలేశానో మళ్లీ దొరకలేదు. నా ముక్కుకు అది గోళ్లరంగు వాసన కాదు. స్టెన్సిల్ కాగితం మీద టైపు తప్పు పడితే పూసే ఎర్రటి మందు వాసన. ఈ కాలం పిల్లలకు స్టెన్సిల్ అంటే ఏమిటో చెప్పడానికే అరపూట పడుతుంది. మైనం పూసిన పల్చటి కాగితం మీద టైపు చేసి, దాన్ని సైక్లోస్టైల్ మిషనుకు చుట్టి పిడి తిప్పితే కాపీలు వచ్చేవి. తిప్పేవాడి చేతులతో పాటు చొక్కా కూడా నల్లబడేది. తప్పు పడితే చిన్న కుంచెతో ఆ మందు పూసి, ఆరేదాకా ఊది, మళ్లీ టైపు చెయ్యాలి. కువైట్‌లో నా మొదటి ఉద్యోగంలో నేను ఎక్కువగా చేసిన పని ఆ ఊదడమే. అలా ఊదించిన మనిషి సుభద్ర మేడమ్.

ఆవిడది కోనసీమ. మా స్కూల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు ఆవిడే పెద్ద. పొట్టి మనిషి, గంజి పెట్టిన నూలు చీర, చేతికి మగవాళ్ల గడియారం. భర్త రావు గారు ఒక కంపెనీలో లెక్కలు చూసేవారు. వాళ్లకు పిల్లలు లేరు. పిల్లలు లేరు కాబట్టే స్కూలు పిల్లల్ని కన్నబిడ్డల్లా చూసుకునేవారని ఇలాంటివాళ్ల గురించి రాస్తుంటారు. నేను అలా రాయలేను, ఎందుకంటే ఆవిడ ఏ పిల్లనీ దగ్గరకు తీసి ముద్దు చేసిన మనిషి కాదు. ఆవిడ పట్టింపంతా వాళ్ల ఇళ్లతో. బడిలో ఏం జరుగుతోందో, వచ్చే వారం ఏం జరగబోతోందో ఇంట్లో తెలియకపోతే ఆ చదువు సగం చదువేనని ఆవిడ నమ్మకం. అప్పట్లో మాకు గురు, శుక్రవారాలు సెలవు. అందుకని బుధవారం సాయంత్రం ప్రతి పిల్ల చేతిలో ఒక నోటీసు ఇంటికి వెళ్లాలి. ఈ వారం ఏ పాఠం అయింది, వచ్చే వారం ఏది మొదలవుతుంది, ఆటలు ఏ రోజు, పోటీలు ఏ రోజు, ఏం తెచ్చుకోవాలి. రాజంపేట పక్కనుంచి లెక్కలు చెప్పుకుందామని వచ్చిన నాకు, చేరిన నెలకే ఆ బుధవారం నోటీసు అంటగట్టారు.

మొదటి నోటీసు నాకు బాగా గుర్తుంది. ఏడో తరగతి పిల్లల్ని సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లి గవ్వలూ నాచూ చూపించే కార్యక్రమం. నేను ఇంగ్లిషులో మంచి బరువైన వాక్యాలు అల్లాను. విద్యార్థులు తగిన దుస్తులలో, తగిన సామగ్రితో, నిర్ణీత సమయానికి హాజరు కావలసిందిగా కోరడమైనది అన్న ధోరణిలో. ఆవిడ నిలబడే చదివి, నన్ను కూర్చోమన్నారు.

"తగిన దుస్తులంటే ఏంటండి మాస్టారూ?"

ఎండకు టోపీ, తడిసినా ఫరవాలేని చెప్పులు అన్నాను. మరి ఆ ముక్కే రాయొచ్చు కదా అన్నారు. నిర్ణీత సమయం ఎవరు నిర్ణయించారని అడిగారు. ఇంకా ఎవరూ నిర్ణయించలేదని ఒప్పుకున్నాను. అయితే ఇంకా తెలియదని రాయమన్నారు, ఎప్పటికి తెలుస్తుందో అదీ రాయమన్నారు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాస్తే ఎక్కడో ఒక తల్లి చీకటితోనే లేచి, పిల్లకు జడ వేసి, గుమ్మంలో కూర్చుంటుందన్నారు. నాకు ఒళ్లు మండింది. నేను లెక్కల మాస్టారినిగానీ గుమాస్తాను కాదు కదా అనుకుంటూ ఇంకో స్టెన్సిల్ తీశాను.

నోటీసు అచ్చయి ఇళ్లకు చేరితే పని అయిపోయిందని మిగతా టీచర్లు అనుకునేవారు. ఆవిడ పని అక్కణ్నుంచి మొదలయ్యేది. ఇంగ్లిషు చదవలేని తల్లులు, తండ్రులు ఎంతోమంది. గేటు దగ్గర నిలబడి వాళ్లకు నోటితో చెప్పేవారు. మలయాళీ తల్లికి ఒక మలయాళీ టీచరును పక్కన పెట్టుకుని చెప్పించి, సరిగ్గా చేరిందా లేదా అని మళ్లీ అడిగించేవారు. ఉర్దూ మాట్లాడేవాళ్ల దగ్గరా అంతే. తెలుగువాళ్లు కనిపిస్తే మాత్రం ఆవిడ ముఖం విచ్చుకునేది. ఇంకెవర్నీ పిలవనక్కర్లేదు, రెండోసారి అడగనక్కర్లేదు, గడగడా చెప్పేసేవారు. మన భాషే కదా, ఇందులో తేడా ఏముంటుంది అన్న ధీమా. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చే మా కడప పక్క డ్రైవర్లు ఆవిడ యాస విని ముసిముసిగా నవ్వుకునేవారు. వాళ్ల మాట ఆవిడకు ఎంతవరకు అందుతోందో నేనూ ఏనాడూ ఆలోచించలేదు.

ఆ గేటు దగ్గరకు రోజూ వచ్చే తల్లుల్లో భారతి వాళ్లమ్మ ఒకరు. భారతి ఏడో తరగతి. సన్నగా, చురుగ్గా ఉండేది. భాగహారంలో నా తప్పు పట్టుకోవడమంటే ఆ పిల్లకు పండగ. వాళ్లు రాజోలు పక్కవాళ్లు, తండ్రి సూర్యనారాయణ గారు ఒక కంపెనీలో స్టోరుకీపరు. భారతికి చిన్నప్పటినుంచీ షుగరు. పూటపూటకూ ఇన్సులిన్ సూది పడాలి, సూది పడ్డాక వేళకు తిండి పడాలి. అందుకని ఆ పిల్లకు వెళ్లే నోటీసు అడుగున సుభద్ర మేడమ్ ప్రతివారం తన చేత్తో ఒక వాక్యం అదనంగా రాసేవారు. ఆటలపోటీ రోజున పిల్లలకు ఫలహారం ఎన్నింటికి ఇస్తారో, ఏం ఇస్తారో, ఆలస్యమైతే భారతిని ఎవరు చూసుకుంటారో. నేను ఒకసారి, ఇంత అవసరమా అండీ, వాళ్లమ్మ ఒక బిస్కెట్ పొట్లం ఇచ్చి పంపుతుంది కదా అన్నాను. ఆవిడ కలం ఆపకుండా, పొట్లం ఇస్తుంది గానీ రోజంతా గడియారం చూస్తూ కూర్చుంటుంది, ఆ చూడటం తప్పించడానికేనండి ఇది అన్నారు.

ఆ ఏడాది, పంతొమ్మిది వందల తొంభైలో, వేసవి సెలవుల్లో నాతో ఫ్లాటు పంచుకున్న మాస్టార్లిద్దరూ ఊరెళ్లారు. టికెట్టు డబ్బులు మిగులుతాయి కదా అని నేను కువైట్‌లోనే, సల్వాలోని ఆ ఫ్లాటులో ఉండిపోయాను. అదీ నా తెలివి. ఆగస్టులో ఒక తెల్లవారుజామున చప్పుళ్లకు లేచి, ఏదో కడుతున్నారో కూలుస్తున్నారో అనుకుని మళ్లీ పడుకున్నాను. పొద్దెక్కాక చూస్తే వీధి చివర ట్యాంకు ఉంది. దాని మీద ఇరాకీ కుర్రాడొకడు టిన్నులోంచి ఏదో తింటున్నాడు. ఆ తర్వాత వారం రోజుల్లో ఏం జరిగిందో మీరు పుస్తకాల్లో చదువుకోవచ్చు. మా వరకు జరిగింది ఏమిటంటే, ఎవరికీ ఏమీ తెలియకుండా పోయింది. ఇండియాకు ఫోన్లు లేవు. ఊళ్లో ఫోన్లు మాత్రం ఇష్టం వచ్చినప్పుడు పలికేవి. జీతమిచ్చే కంపెనీ ఉందో లేదో తెలియదు. వీసా పూచీ పడ్డ కఫీల్ ఊళ్లో ఉన్నాడో, సౌదీకి పారిపోయాడో తెలియదు. దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితానికి ఇక విలువ ఉందో లేదో అదీ తెలియదు. తెలియనితనంలోంచి పుకార్లు పుట్టేవి. విమానాలు వస్తున్నాయని ఒకరు, ఓడ వచ్చేసిందని ఒకరు, నీళ్లలో విషం కలిపారని ఇంకొకరు. ప్రతి ఒక్కరూ ఆ మాట నమ్మకమైన మనిషే చెప్పాడనేవారు.

సుభద్ర మేడమ్ ఇల్లు మా ఫ్లాటుకు రెండు సందుల అవతల. ఒకరోజు నన్ను పిలిపించి, మనం తరగతులు మొదలుపెడుతున్నాం మాస్టారూ అన్నారు. నేను ఆవిడకు మతి చలించిందేమోనని రావు గారి వంక చూశాను. ఆయన నా వంక చూడకుండా టీ కప్పులో చూసుకున్నారు. ఆవిడ లెక్క ఇది. ఊళ్లో చిక్కుకుపోయిన మా మూడు తరగతుల పిల్లల్ని నడిచి వెళ్లగలిగినంత దూరంలో చిన్న చిన్న గుంపులుగా విడగొట్టి, ఎవరో ఒకరి ఫ్లాటులో రోజుకో గంట పాఠం. సంచులు వద్దు, యూనిఫారం వద్దు, జట్టుగా నడవొద్దు. కాగితం మీద నోటీసు ఉండదు, సైనికులు ఆపి వెతికితే లేనిపోని అనుమానాలు. అంతా నోటి మాటే, ఫోను పలికితే ఫోనులో, లేకపోతే ఇంటికి నడిచి వెళ్లి. రేపు ఏ తరగతికి ఏ పాఠం, ఎవరింట్లో, ఎన్ని గంటలకు. వచ్చే వారం బొమ్మల పోటీ, ఆ తర్వాత పద్యాల పోటీ. ఒక తండ్రి నా ముఖం మీదే, ట్యాంకుల మధ్య బొమ్మల పోటీ ఏంటయ్యా, మీ మేడమ్‌కేమన్నా పిచ్చా అన్నాడు. ఆ మాట నేను ఆవిడకు మోసుకొచ్చాను.

"రేపటి గురించి వాళ్లకి ఒక్క నిజమైన కబురైనా ఉండాలి కదండీ," అన్నారావిడ. "మనం చెప్పినవి చెప్పినట్టు జరుగుతుంటే, రేప్పొద్దున్న అసలు కబురు వచ్చినప్పుడు మన మాట మీద కదులుతారు."

అసలు కబురంటే బస్సు. ఊళ్లో మనవాళ్లు కొందరు బస్సులు మాట్లాడి, బస్రా మీదుగా బాగ్దాదు, అక్కణ్నుంచి జోర్డాన్ సరిహద్దు దాకా జనాన్ని పంపుతున్నారని, అక్కడికి చేరితే విమానం దొరుకుతుందని వినికిడి. అందరికీ బస్సు కావాలి, కానీ భారతికి అందరికంటే ముందు కావాలి. ఆ పిల్ల సూది మందు ఎప్పుడూ తెచ్చుకునే ఆసుపత్రిలో ఇక దొరకడం లేదు. వాళ్లింట్లో ఫ్రిజ్ తలుపు అరలో ఉన్న సీసాలే మిగిలాయి. వాళ్లమ్మ ఎవరూ చూడకుండా వెళ్లి ఆ తలుపు తీసి చూసుకోవడం, మళ్లీ మూసెయ్యడం నేను పాఠం చెబుతూ చాలాసార్లు చూశాను. సుభద్ర మేడమ్ తెలిసిన మందుల షాపులన్నీ తిరిగి ఒకే ఒక్క సీసా సంపాదించి ఇచ్చారు. ఆ సీసాలు అయిపోయేలోగా భారతి ఇండియాలో ఉండాలి. ఇంతకంటే తేలికైన లెక్క నేను ఎవరికీ చెప్పలేదు.

బస్సుల కబురు మాకు ఓబులేసు ద్వారా వచ్చేది. అతను మా కడప పక్కవాడే, సల్వాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. యజమాని కుటుంబమంతా యుద్ధానికి ముందే లండన్ వెళ్లి అక్కడే ఆగిపోయింది. ఇంటి తాళాలూ కారూ అతని దగ్గరే ఉండిపోయాయి. బస్సులు మాట్లాడేవాళ్లను అటూ ఇటూ తిప్పేది అతనే. బకాలా కొట్టు దగ్గర రొట్టెల వరసలో నాకు పరిచయమైతే, నేనే మేడమ్ దగ్గరకు తీసుకెళ్లాను. మా ఫ్లాటులో ఫోను లేదు, అందుకని ఏ కబురైనా ఆవిడకే నేరుగా చేసేవాడు. మంచివాడు, మాట మీద నిలబడే మనిషి, కాకపోతే ఎప్పుడూ కాలికింద నిప్పులున్నట్టు తొందర.

ఒకరోజు పొద్దున్న ఓబులేసు ఫోను చేశాడు. లైనులో గరగర. అతను నాలుగు ముక్కలు చెప్పి, ఖలాస్, పోవాల అని పెట్టేశాడట. మేడమ్ వెంటనే నన్ను పిలిచి, ఇళ్లన్నిటికీ పంపాల్సిన కబురు చెప్పారు. రేపో మాపో సాల్మియా మసీదు దగ్గరకు బస్సు వస్తుందట, పిల్లలున్న వాళ్లను ముందు ఎక్కిస్తారట. ఏ రోజన్నది ఇంకా తెలియదు, తెలిసిన వెంటనే చెబుతాం, అప్పటిదాకా మూటలు కట్టుకుని ఉండండి. రేపు సాయంత్రం ఏడో తరగతికి లెక్కలు, భారతి వాళ్లింట్లో, మామూలు వేళకే. ఆవిడ పద్ధతి ప్రకారం అది చక్కటి నోటీసు. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు. నేను సగం ఇళ్లు తిరిగి చెప్పాను, మిగతా సగానికి ఆవిడ ఫోను చేశారు.

మర్నాడు సాయంత్రం నేను భారతి వాళ్లింట్లో ఏడో తరగతికి శాతాలు చెప్పాను. నూటికి పన్నెండు చొప్పున, నూటికి పదిహేను చొప్పున. భారతి ఎప్పటిలాగే నాకంటే ముందు జవాబు చెప్పేసి, మిగతావాళ్లకు అవకాశం ఇవ్వు తల్లీ అని నా చేత అనిపించుకుంది. వాళ్లమ్మ మూటలు గుమ్మం పక్కన పెట్టి ఉంచింది. మసీదు ఆ ఇంటికి నడిచి వెళ్లేంత దగ్గర. మధ్యలో బయట పెద్ద బండి ఇంజను చప్పుడు వినిపిస్తే కిటికీ తెర దించేశాం, సైనికుల బండి అనుకుని.

తెల్లవారి నేను మేడమ్ ఇంట్లో ఉండగా ఓబులేసు వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. కోపంగా ఉన్నాడు.

"మీ పిల్లోళ్లు ఒక్కరూ రాలేదే మేడమా. వాళ్లకని పెట్టిన సీట్లల్లో వేరేవాళ్లను ఎక్కిచ్చి పంపినారు."

ఎక్కడికి రాలేదని మేడమ్ అడిగారు. బస్సు కాడికి అన్నాడు. బస్సు ఎప్పుడు వచ్చిందని అడిగితే, నిన్ననే కదా, నేను చెప్పినప్పుడే వచ్చింది అన్నాడు. ఆవిడ నెమ్మదిగా, రేపో మాపో వస్తుందన్నావు కదయ్యా, రోజు చెప్పలేదు కదా అన్నారు. ఓబులేసు తెల్లబోయి నా వంక చూశాడు.

"రేపు మాపుకు బస్సు అనే గదా నేను చెప్పింది. ఇంగా ఎట్ల చెప్పాల?"

ఇద్దరూ ఒకే మాట పట్టుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. మా పక్క మాపు అంటే సాయంత్రం. మా అమ్మ నన్ను ఆటలనుంచి పిలిచింది ఆ మాటతోనే, మాపయింది రారా అని. రేపు మాపుకు అంటే రేపు సాయంత్రానికి. గోదావరి పక్క మాపు అన్న మాట విడిగా వాడుకలో లేదు. రేపో మాపో అన్న జంటలోనే బతికి ఉంది. ఇవాళ కాకపోతే ఇంకో రోజు, ఎప్పుడో ఒకప్పుడు అని దాని అర్థం. గరగరలాడే లైనులో ఆవిడ చెవి తనకు తెలిసిన మాటనే విన్నది. నేను ఈ సంగతి చెప్పాను. ఓబులేసు అక్కడే గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఆవిడ కూర్చోలేదు.

రావు గారు మంచి మనిషి, భార్యను కాపాడుకుందామనుకున్నారు. బస్సు నిండిపోయి వచ్చింది, ఎవర్నీ ఎక్కించుకోలేదు అని చెబితే సరిపోతుంది, వాళ్లకూ కాస్త బెంగ తగ్గుతుంది అన్నారు. ఓబులేసు కూడా తలూపాడు. ఆవిడ అప్పటికే ఫోను చేతిలోకి తీసుకున్నారు. "నిండిపోయిందని ఇవాళ చెబితే, రేపు నేను నిజం చెప్పినా ఎవరూ నమ్మరండి," అని భర్తతో అని, నంబరు తిప్పడం మొదలుపెట్టారు. ప్రతి ఇంటికీ ఒకటే మాట. బస్సు నిన్న సాయంత్రం వచ్చి వెళ్లిపోయింది. కబురు తెచ్చినతను సరిగ్గానే చెప్పాడు. నేను తప్పుగా విన్నాను. అవతల ఎవరు ఏమన్నా అడ్డం రాకుండా వినేవారు. కొందరు తిట్టారు, ఒకావిడ ఏడ్చింది. పక్కన నిలబడి వింటున్న నాకు, ఒక్కసారైనా ఆ యాస సంగతి చెప్పి తప్పు కాస్త పంచుకోవచ్చు కదా అనిపించింది. ఆవిడ చెప్పలేదు.

భారతి వాళ్లింటికి ఫోను చెయ్యలేదు. నన్ను వెంటబెట్టుకుని నడిచి వెళ్లారు. సూర్యనారాయణ గారు గుమ్మంలోనే విన్నారు. లోపలికి రమ్మనలేదు. ఆయన గొంతు పెంచలేదు గానీ పెంచినా బాగుండేది. "మీ మాట నమ్మి మూటలు కట్టుకుని కూర్చున్నామండి. బస్సు ఇంటి పక్కనే ఆగితే మా పిల్ల లోపల లెక్కలు చేసుకుంటా ఉంది," అన్నారు. ఇకమీదట మీ కబుర్లు మాకొద్దు, మా దారి మేం చూసుకుంటాం అన్నారు. వెనకనుంచి భారతి వాళ్లమ్మ, మళ్లీ బస్సు ఎప్పుడండీ అని అడిగింది. తెలియదమ్మా అన్నారు మేడమ్. భారతి లోపలి గదిలోంచి తొంగి చూసి, నాకు చెయ్యి ఊపింది. నాకు ఆ పూట జాలికంటే చిరాకే ఎక్కువగా ఉంది, ఎవరి మీదో తెలియని చిరాకు.

ఆ రోజునుంచి కబురు చెప్పే పద్ధతి మారిపోయింది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అన్న మాటలే ఆవిడ నోట రావడం మానేశాయి. తారీకు, గడియారంలో అంకె, అంతే. కబురు చెప్పాక విన్నవాళ్లు దాన్ని తమ సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. తెలుగువాళ్లయినా సరే, కోనసీమవాళ్లయినా సరే. తను విన్నప్పుడూ అంతే, ఓబులేసు ఎంత తొందరలో ఉన్నా ఆపి, నేనేం విన్నానో వినయ్యా అని అప్పజెప్పేవారు. పెద్దవాళ్లకు ఇది చిన్నతనంగా ఉండేది, చిన్నపిల్లల్లా అప్పజెప్పించుకుంటోందేంటి అని విసుక్కునేవారు. విసుక్కుంటూనే అప్పజెప్పేవారు. నాకు ఆశ్చర్యం కలిగించింది ఇంకొకటి. తప్పు విన్నానని ఒప్పుకున్న మనిషి మాట ఇక ఎవరూ వినరనుకున్నాను. తరగతులకు వచ్చే పిల్లలు ఒక్కరు కూడా తగ్గలేదు, భారతి తప్ప.

తర్వాతి బస్సు కబురు వచ్చేసరికి రోజులు గడిచిపోయాయి. ఈసారి ఎక్కడా పొరపాటు లేదు. చెప్పిన తారీకుకు, చెప్పిన గంటకు, మా ఇళ్లవాళ్లంతా మసీదు దగ్గర ఉన్నారు. మేడమ్ సూర్యనారాయణ గారింటికి ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు. నేను వెళ్లి తలుపు కొడితే, పక్క ఫ్లాటువాళ్లు వాళ్లు రెండు రోజుల కిందటే వెళ్లిపోయారన్నారు. కంపెనీవాళ్ల లారీలో, ఎవరికీ చెప్పకుండా. ఆ మాట వచ్చి చెబితే మేడమ్, మందు తీసుకెళ్లారా, ఐసు పెట్టె ఉందా అని అడిగారు. అది నాకు తెలియదన్నాను. పిల్లలతో పాటు నన్ను ఆ బస్సెక్కించారు. ఎనిమిదో తరగతి ఇళ్లు కొన్ని మిగిలిపోయాయి కాబట్టి ఆవిడ, రావు గారు ఉండిపోయారు.

ఎడారి ప్రయాణం గురించి ఎక్కువ రాయను. సరిహద్దు దాటిన తర్వాత మమ్మల్ని దించిన చోట కనుచూపు మేర గుడారాలు. నీళ్ల లారీ వస్తే తోపులాట. పగలు కాలు కింద పెట్టలేని వేడి, రాత్రి చలి. విమానానికి పేర్లు రాయించుకునే వరసలో నాకు సూర్యనారాయణ గారు కనిపించారు. గడ్డం పెరిగి, గుర్తుపట్టేలా లేరు. నన్ను చూసి వరసలోంచి బయటకు వచ్చారు. ఇద్దరం గుడారం నీడలో కూర్చున్నాం. ఆయనే చెప్పారు, నేను అడగలేదు. లారీ దారిలో చెడి ఆగిపోయింది. ఐసు కరిగిపోయింది. సరిహద్దు దగ్గర జనం పెరిగిపోయి, దాటనివ్వకుండా ఆపేశారు. ఎండకు మందు పాడైపోయింది. సూది పడుతున్నా పిల్ల వాంతులు చేసుకుంటూనే ఉంది. డాక్టర్ల గుడారానికి ఎత్తుకుని వెళ్లేసరికి స్పృహ లేదు. అక్కడే పోయింది. అక్కడే పూడ్చి వచ్చారు. వాళ్లమ్మ గుడారంలో ఉంది, చూస్తారా అని అడిగారు. చూశాను. ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు.

వచ్చేటప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. "మేడమ్ గారు వస్తే మీరే చెప్పండి మాస్టారూ. ఇంకెవరన్నా చెబితే ఇంకోలా చెబుతారు," అన్నారు. అందులో కోపం ఉందో, దయ ఉందో అప్పుడు తేల్చుకోలేకపోయాను. ఇప్పుడూ అంతే.

నా పేరు విమానం జాబితాలోకి వచ్చింది. వెనక వచ్చే మేడమ్ వాళ్ల కోసం దాన్ని ఇంకొకరికి ఇచ్చేసి ఆగిపోయాను. ఇదేదో త్యాగం కాదు. ఆయన ఒక పని చెప్పారు, అది చెయ్యకుండా విమానం ఎక్కితే ఇంటికెళ్లి ఏం ముఖం పెట్టుకుని తిరగను అనుకున్నాను. మేడమ్, రావు గారు మిగిలిన ఇళ్లవాళ్లతో వచ్చేసరికి నేను ఆ మాటల్ని లోలోపల ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. ప్రతిసారీ ఏదో ఒకటి తగ్గించాలనిపించేది. లారీ చెడిన సంగతి ముందుకు తెచ్చి, మిగతాది వెనక్కి నెడదామా అనిపించేది. చివరికి ఆవిడ ఎదురుగా కూర్చుని, ఆయన చెప్పింది చెప్పినట్టు, అదే వరసలో చెప్పాను.

అయ్యాక ఆవిడ, మొదటి బస్సులో వెళ్లినవాళ్లు ఏమయ్యారని అడిగారు. ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. దానికి జవాబు క్యాంపులో అందరినీ అడిగి ముందే తెలుసుకుని ఉన్నాను. తెలియదని చెప్పి ఉంటే ఆవిడ నమ్మేవారేమో.

"దాటేశారండి. అప్పటికి సరిహద్దులో జనం లేరు. అందరూ విమానం ఎక్కేశారు," అన్నాను.

ఆవిడ కొంతసేపు తన చేతి గడియారం వంక చూశారు, టైము చూస్తున్నట్టు కాదు, ఊరికే. తర్వాత నేను చెప్పినదంతా ఆవిడ తన మాటల్లో తిరిగి చెప్పడం మొదలుపెట్టారు. లారీ, ఐసు, ఎండ, వాంతులు, డాక్టర్ల గుడారం. ఒక్కటీ వదల్లేదు. చివర్లో నేను అనని వాక్యం ఒకటి కలిపారు. నేను సరిగ్గా వినుంటే ఆ పిల్ల మొదటి బస్సులో వెళ్లేది అని. అంతా అయ్యాక, నేను సరిగ్గా విన్నానా మాస్టారూ అని అడిగారు. విన్నారండి అన్నాను. రావు గారు లేచి గుడారం బయటకు వెళ్లిపోయారు. నేను ఏడ్చాను, సిగ్గుపడకుండానే ఏడ్చాను. ఆవిడ నా భుజం తట్టలేదు, ఓదార్చలేదు. సూర్యనారాయణ గారి గుడారం ఏ వరసలో ఉందో అడిగి, చెంగు సరిచేసుకుని, అటువైపు ఒక్కరే నడిచి వెళ్లారు. అక్కడ వాళ్ల మధ్య ఏం మాటలు జరిగాయో నాకు తెలియదు. అవి ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

యుద్ధం అయ్యాక ఆవిడ కువైట్ తిరిగి రాలేదు. నేను వచ్చాను. వేరే స్కూళ్లలో ఇన్నేళ్లు ఇదే పని చేశాను, పిల్లల ఇళ్లకు కబుర్లు పంపడం. ఇప్పుడు స్టెన్సిల్ లేదు, ఫోనులో వేలు నొక్కితే ఊరంతటికీ చేరిపోతుంది. చేరిందో లేదో అడిగే ఓపిక మాత్రం ఎవరికీ లేదు. నేనింకా అడుగుతాను. నేనేం చెప్పానో మీరు చెప్పండి అంటే కుర్రతల్లులు నవ్వుతారు, మా ఇంట్లోనూ నవ్వుతారు. నవ్వనీ. నాతో ఉండిపోయింది ఆ అలవాటు ఒక్కటే అయితే బాగుండును. ఆ రోజు గుడారం దాటి నాలుగడుగులు వేసిన ఆవిడ వెనక్కి తిరిగి, ఇంత బాగా ఎవరూ చెప్పరు మాస్టారూ, ఒక్క ముక్క ఎక్కువ లేదు, ఒక్క ముక్క తక్కువ లేదు అన్నారు. ఆవిడ దగ్గర పనిచేసిన కాలమంతటిలో నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.